ఆదివారం కారు

పోయినవారం నొయేలియాను గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉండగా వదిలేశాం. పాపం, అప్పటినుంచీ అలాగే నిలబడి ఉంది. గేటు బయట యావుకో ఊరి నుంచి వచ్చిన బేరగాడి ట్రక్కు ఆగింది. గేటు లోపల షెడ్డులో, పసుపుపచ్చ మాజ్దా బానెట్ కింద తల దూర్చి ఎలాదియో ఉన్నాడు. అతను ఆమె మాజీ మొగుడు. కారు ఇద్దరి పేరునా ఉంది. అమ్ముతానని ప్రకటన పెట్టింది మాత్రం ఆమె ఒక్కతే. ఆ సంగతి అతనికి ఎవరో ఫోన్‌లో చూపిస్తే తెలిసింది. తెలిసీ కోప్పడలేదు, ఎందుకని అడగలేదు. “ఇంజన్ చూడ్డానికి ఎవరైనా వస్తే నేనూ ఉంటాను” అన్నాడు, అంతే.

ఆ కారు సంగతి వాళ్ళ ఊరు కొవామోలో తెలియనివాళ్ళు లేరు. కట్టింది అతను, తోలింది ఆమె. జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిననాటి సామాన్లలో ఇప్పుడు మిగిలినవి తలుపులూ, పైకప్పూ, ముందరి అద్దమూ. తక్కినదంతా ఎలాదియో చేతి పనే. వెనక సీటు పీకేశాడు, ఏసీ పీకేశాడు, ఇంజన్‌లోకి గాలి కూరడానికి గుమ్మడికాయంత టర్బో బిగించాడు. సలీనాస్‌లో జరిగే పందేల్లో నొయేలియా ఆ కారుతో మగవాళ్ళ మొహాన పొగ కొట్టి ముందుకు పోతుంటే, అతను కంచె పట్టుకుని చిన్నపిల్లాడిలా గెంతేవాడు.

అలాంటిది ఒకసారి కారు అడ్డం తిరిగి గోడకు రాసుకుంది. ఆమెకు మోచెయ్యి దోక్కుపోయింది. అతనికి గుండె దోక్కుపోయింది. తరువాతి పందెం ఆఖరి పందెం. ఆ పందేనికి ముందు, ఆమెకు చెప్పకుండా టర్బో ఒత్తిడి తగ్గించేశాడు. ఊరంతా చూస్తుండగా ఆమె ఓడిపోయింది. ఎందుకు ఓడిందో తెలిసిన రోజున అతని బట్టలు సంచిలో కుక్కి గేటు బయట పెట్టింది.

విడాకులయ్యాయి గానీ కారు తెగలేదు. ఆ ఇంజన్‌ను ఊరికే పడుకోబెడితే పాడైపోతుంది. అందుకని ఎలాదియో ప్రతి ఆదివారమూ వస్తాడు, పెట్రోలు పోస్తాడు, స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెస్తాడు, నిలబడే కాఫీ తాగి వెళ్ళిపోతాడు. నాలుగేళ్ళుగా ఇదే వరస. నొయేలియా కోరుకున్నది ఒకే ఒక్క మాట. కారు కోసం కాదు, నీ కోసం వచ్చాను అని. ఆ మాట అతని నోట రాలేదు, ఆమె అడగలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆమెకు విసుగెత్తింది. స్కూలు వంటశాలలో తన ఉద్యోగానికి, పడవ మీద వెళ్ళాల్సిన కులేబ్రా దీవికి బదిలీ అడిగి మరీ వేయించుకుంది. బుధవారమే ప్రయాణం. ఈ సంగతి పక్కింటి పెద్దావిడ దోన్యా ప్రిసీలాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఎలాదియోకు చెప్పలేదు. చెబితే జాలిపడి ఆపుతాడేమోనని ఒక భయం, ఆపకుండా ఊరుకుంటాడేమోనని అంతకంటే పెద్ద భయం.

ఇదీ సంగతి. ఇక గొళ్ళెం తీద్దాం.

ట్రక్కులోంచి దిగిన మనిషి గేటు నిండా ఉన్నాడు. పేరు దొన్ ఎరిబెర్తో, యావుకోలో బేకరీ. చంకలో పొడుగాటి రొట్టెలు రెండు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

“గుర్రం ఇస్తానన్నది మీరు కాదు కదా?” అని అడిగింది నొయేలియా. ప్రకటన చూసి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది డబ్బు మాట ఎత్తలేదు. ఒకడు గుర్రానికి మారకం వేసుకుందామన్నాడు, ఇంకొకడు ఐస్‌క్రీము బండి ఇస్తానన్నాడు.

“గుర్రమా? నన్ను చూస్తే గుర్రమే దండం పెట్టి పారిపోతుందమ్మా” అన్నాడు ఎరిబెర్తో. “నేను రొక్కం మనిషిని. ఇవిగో, మా పొయ్యిలోవి. బేరం కుదరకపోయినా తినండి.”

కారు చుట్టూ మెల్లగా తిరిగాడు. బానెట్ కింద తొంగిచూశాడు. టర్బోను చూసి బేకరీ యజమాని పొంగిన పిండిని చూసినంత సంతోషపడ్డాడు. అతనికి విషయం తెలుసునని అడిగిన మొదటి ప్రశ్నలోనే బయటపడింది.

“నూనె పంపు తీసేసినట్టున్నారు. ట్యాంకులోనే కలుపుతారా?”

“ట్యాంకులోనే. ఆముదం నూనె” అన్నాడు ఎలాదియో.

ఈ ఇంజన్‌లో పిస్టన్లుండవు. మూడు మూలల ముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. దాని అంచుల్లో సన్నటి పట్టీలుంటాయి. ప్రాణమంతా ఆ పట్టీలలోనే ఉంది. అవి తడారకుండా, పెట్రోలు పోసినప్పుడల్లా ట్యాంకులో ఇంత నూనె కొలిచి పొయ్యాలి. పొయ్యకపోతే ఇంజన్ చస్తుంది. అందుకే ఆ కారు పోయిన దారంతా ఆముదం కాగిన వాసన వేస్తుంది. ఆ వాసన వస్తే ఆదివారం వచ్చిందని నొయేలియా ఒంటికి తెలిసిపోతుంది.

“చల్లగా ఉన్నప్పుడు ఏ ఇంజనైనా కొత్తల్లుడిలా మర్యాదగానే ఉంటుంది” అన్నాడు ఎరిబెర్తో. “బాగా తోలి, కాగనిచ్చి, ఆపి, మళ్ళీ తాళం తిప్పాలి. పట్టీలు అరిగితే అప్పుడు లేవదు. వేడి మీద లేస్తే మారుమాట లేకుండా కొంటాను. తమ్ముడూ, తోలి చూపిస్తావా?”

“నేను బిగించేవాణ్ణే. తోలడం ఆమె పని.”

నొయేలియా తాళం కోసం చెయ్యి చాపింది. ఎలాదియో దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు తగలకుండా జాగ్రత్తగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ జాగ్రత్త చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

పక్కింటి బాల్కనీలో దోన్యా ప్రిసీలా బట్టలారేస్తోంది. “ఏమయ్యోయ్, లావుబాబూ! నువ్వెక్కితే అది కదులుతుందా?” అని అరిచింది.

“కదలకపోతే మీరొచ్చి నెట్టండి దోన్యా!”

“నెట్టేవాళ్ళిక్కడ ఎవరున్నార్లే. ఆ కారు కూడా పోతే ఈ పిల్లకి ఇంక ఇక్కడేముందని...”

నొయేలియా తలెత్తి ఉరిమి చూసింది. ముసలావిడ నోట్లో బట్టల పిన్ను పెట్టుకుని మాట మింగేసింది. ఎలాదియో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు గానీ ఏమీ అడగలేదు. అడగకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఎరిబెర్తోను పక్కన కూర్చోబెట్టుకుని, కారును వేడినీటి బుగ్గల దారి పట్టించింది నొయేలియా. నాలుగేళ్ళయింది ఆ స్టీరింగు పట్టుకుని. క్లచ్చు ఎంత బరువో కాలు మరిచిపోలేదు, గేరు ఎక్కడ అందుతుందో చెయ్యి మరిచిపోలేదు. మలుపు దాటి కాలు నొక్కగానే ఒక్క క్షణం ఏమీ కాలేదు, టర్బో ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం వెనకనుంచి ఎవరో పట్టుకుని తోసినట్టు కారు ముందుకు దూకింది. ఎరిబెర్తో దేవుడి తల్లిని తలుచుకున్నాడు. నొయేలియాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎందుకంటే ఈ ఊపు ఆమె కాలిది మాత్రమే కాదు. ఈ క్షణం ఇలా ఉండాలని ఒక మనిషి ఎన్నో సాయంత్రాలు కారు కింద వెల్లకిలా పడుకుని, బోల్టు బోల్టుకూ ఆమె గురించే ఆలోచించి బిగించాడు. ఇంతలా ప్రేమించడం తెలిసినవాడికి, దాన్ని మాటల్లో చెప్పడం ఎందుకు రాదు?

వెనక అద్దంలో పొగ మామూలు కంటే చిక్కగా కనిపించింది. చాలాకాలం పరుగు లేక పట్టిన మడ్డి పోతోంది కాబోలు అనుకుంది.

తిరిగొచ్చేసరికి ఎలాదియో గేటు బయట రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. చప్పుడును బట్టి ఆమె ఎక్కడ గేరు మార్చిందో, ఎక్కడ కాలు తీసిందో అంతా వింటూ నిలబడినట్టుంది అతని వాలకం.

ఇంజన్ ఆపారు. కాఫీ తాగారు. ఎరిబెర్తో రొట్టె తుంచి పంచాడు. “ఇప్పుడు తిప్పమ్మా” అన్నాడు.

తిప్పింది. ఇంజన్ గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. దగ్గింది, తెల్లటి పొగ ఒక ముద్ద కక్కింది, ఆగిపోయింది. మూడోసారికి ఆ దగ్గు కూడా లేదు.

ఎరిబెర్తో చేతిలోని రొట్టె చేతిలోనే ఉండిపోయింది. “పట్టీలు పోయాయి” అన్నాడు మెల్లగా, చావు కబురు చెప్పినట్టు.

నొయేలియా కారు దిగింది. తిన్నగా ఎలాదియో ముందుకెళ్ళి నిలబడింది.

“మళ్ళీ చేశావా?”

“ఏం చేశాను?”

“నాకు తెలీదనుకోకు. అప్పుడు గాలి తగ్గించావు. ఇప్పుడేం తగ్గించావు? ఏ వైరు పీకావు?”

“నొయే, బయటివాళ్ళ ముందు...”

“బయటివాళ్ళ ముందే అడుగుతా! అప్పుడు ఊరందరి ముందూ ఓడించలేదూ?”

గొంతు పెద్దదైంది. బాల్కనీలో బట్టలారెయ్యడం ఆగిపోయింది. అయితే నొయేలియా లోపల జరుగుతున్నది వేరు. కోపం పై పొర మాత్రమే. దాని కింద, సిగ్గులేని ఆశ ఒకటి తోక ఊపుతోంది. నిజంగానే వైరు పీకి ఉంటే? కారు అమ్ముడుపోకూడదని, ఆదివారాలు పోకూడదని పీకి ఉంటే? అవును పీకాను అను, ఎలాదియో. ఒక్కసారి అబద్ధమైనా ఆడు. బుధవారం ప్రయాణం ఇప్పుడే మానేస్తాను.

“నేనేమీ పీకలేదు” అన్నాడు ఎలాదియో.

ఆ గొంతులో నిజం తప్ప ఇంకేమీ లేదు. నొయేలియా పోయి మెట్టు మీద కూర్చుంది.

అతను స్పానర్లు తెచ్చుకుని కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి వెనక్కి చాపాడు, చూడకుండానే, పాత అలవాటు కొద్దీ. ఆమె లేచి వెళ్ళి, అడగకుండానే, కావలసిన స్పానరు ఆ చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఆ సంగతి తెలిసింది. ఇద్దరూ తెలియనట్టే ఊరుకున్నారు.

ప్లగ్గులు బయటికొచ్చాయి. నల్లగా, జిడ్డోడుతూ, నూనెలో ముంచి తీసినట్టున్నాయి. ఎలాదియో ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ట్యాంకు ఎవరు నింపారు?”

“నేనే. నిన్న, డబ్బాతో తెచ్చి.”

“నూనె?”

“పోశాను. నువ్వు పోసే కొలతే.”

అతను ప్లగ్గు దించాడు. “నేనూ పోశాను. ఇవాళ పొద్దున, నువ్వు చర్చికి పోయినప్పుడు. రెండింతలైంది. పట్టీలకేమీ కాలేదు, ప్లగ్గులు నూనెలో మునిగాయి.”

“ట్యాంకు నిండుగా ఉందని చూశావా, లేదా?”

“చూశాను. పెట్రోలు తెచ్చి పోసి నూనె సంగతి మరిచిపోయావనుకున్నా.”

“నేను మరిచిపోతానా? ఈ కారు విషయంలో?”

“నాకేం తెలుసు! నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు నింపలేదు. ప్రతి ఆదివారమూ పెట్రోలు ముల్లు అడుగునే ఉంటుంది. పక్క సందులోనే బంకు, ఒక్కసారైనా...”

“నింపి ఉంచితే నువ్వెందుకు వస్తావు?”

అనేసింది. అన్న తరువాత గానీ ఏమన్నదో ఆమెకే వినిపించలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుంది గానీ, మాట అప్పటికే షెడ్డంతా నిండిపోయింది. దొన్ ఎరిబెర్తో మంచి మనిషి, గోడకేసి తిరిగి రొట్టెను చాలా శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాడు. ఎలాదియో మెడ ఎర్రబడింది. తల తిప్పలేదు. చేతిలోని ప్లగ్గును గుడ్డతో తుడవడం మొదలుపెట్టి, తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాడు.

“మా ఇంట్లోనూ ఇంతే తమ్ముడూ” అన్నాడు చివరికి ఎరిబెర్తో, గోడతోనే చెబుతున్నట్టు. “బీన్సులో నేనూ ఉప్పేస్తాను, మా ఆవిడా వేస్తుంది. ఒకళ్ళనొకళ్ళం అడగం. ముప్ఫై ఏళ్ళుగా ఉప్పు కషాయం తింటున్నాం.” పెట్రోలు డబ్బా తీసుకుని, “ఆ పక్క సందు బంకు ఏదో నేను చూసొస్తా” అంటూ బయటికి నడిచాడు.

అతను తిరిగొచ్చేలోగా ఎలాదియో ప్లగ్గులన్నీ తుడిచి మళ్ళీ బిగించాడు. గొట్టం పెట్టి ట్యాంకు ఖాళీ చేశాడు. ఆమె బక్కెట్టు పట్టింది. కొత్త పెట్రోలు పోసినప్పుడు అతను నూనె డబ్బా ఎత్తి ఆమె వంక చూశాడు. ఆమె తలూపింది. అప్పుడు పోశాడు. పెళ్ళినాటినుంచీ ఇలా ఒకరినొకరు అడిగి చేసిన మొదటి పని ఇదేనేమో.

స్టార్ట్ చేస్తే మొదట దోన్యా ప్రిసీలా దుప్పట్లన్నీ కనపడకుండా పోయేంత పొగ వచ్చింది. పైనుంచి వినిపించిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. తరువాత ఇంజన్ గొంతు సవరించుకుంది. ఆ ఎగుడుదిగుడు దరువు, ఊళ్ళో పిల్లలు నోటితో వాయించే దరువు, స్థిరపడింది. దాన్ని బాగా కాగనిచ్చి, ఆపి, కాసేపాగి మళ్ళీ తిప్పారు. తాళం తిరగడమే ఆలస్యం, అందుకుంది. ఇంకోసారి ఆపి తిప్పారు. మళ్ళీ అందుకుంది.

ఎరిబెర్తో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అన్నాడు. “మీరు అడిగిన ధర మీదే. బేరమాడను. ఇంత బాగా చూసుకున్న బండిని బేరమాడితే పాపం.”

“అమ్మను” అంది నొయేలియా.

“ఏమిటమ్మా?”

“అమ్మను. ప్రకటన తీసేస్తాను. మీకు పెట్రోలు ఖర్చు నేనిస్తాను. ఏమీ అనుకోవద్దు.”

ఆమె ఆ మాటలు ఎరిబెర్తోతో అంటోంది గానీ చూస్తున్నది ఎలాదియోను. నోరుజారి సగం చెప్పేసింది కనుక, తక్కిన సగం ఇలా చెబుతోంది. ఇంతకంటే ఆడది ఏం చెప్పగలదు?

ఎలాదియో చేతులు తుడుచుకున్నాడు. నింపాదిగా నడిచి వచ్చి, ఎరిబెర్తో ముందు కుడిచెయ్యి చాపాడు.

“ఇచ్చేస్తున్నాం. రేపు వకీలు దగ్గర సంతకాలు పెట్టుకుందాం.”

ఈ దీవిలో బండి బేరానికి చెయ్యి కలిపితే అంతే. కాగితాలు తరువాతి మాట. బేకరీ ఆయన ఆ చేతినీ, ఆమె మొహాన్నీ చూశాడు. “ఇద్దరి పేరునా ఉంది కదా తమ్ముడూ. ఆవిడ చెయ్యి కూడా కలవాలి.”

నొయేలియా మొహం తెల్లబోయింది. ఇదన్నమాట జవాబు. నాలుగేళ్ళు అడగకుండా దాచుకున్న ప్రశ్నకు, ఇంత తేలిగ్గా, పరాయి మనిషి ముందు. అభిమానం ఆమె వెన్ను నిలబెట్టింది. చెయ్యి చాపింది. “ఆయన ఇచ్చేస్తే నాదేముంది. తీసుకెళ్ళండి” అంటూ ఎరిబెర్తో చెయ్యి గట్టిగా కుదిపి వదిలేసింది.

కారు రేపు సంతకాలయ్యాక తీసుకెళ్తానని చెప్పి ఎరిబెర్తో బయల్దేరాడు. ట్రక్కు సందు మలుపు తిరిగింది. నొయేలియా వెనక్కి తిరగకుండా మెట్ల వైపు నడిచింది. కళ్ళ నీళ్ళు అతనికి చూపించే ఉద్దేశం ఆమెకు లేదు.

“నొయే, ఆగు.”

“ఇంకేం మిగిలింది, ఆగడానికి?”

“నన్ను చెప్పనీ. నాకు మాటలు రావని నీకు తెలుసు. మధ్యలో అడ్డొస్తే మొత్తం మరిచిపోతాను.” అతను కారు బానెట్ మీద చెయ్యి ఆనించుకున్నాడు. “ఇది ఉన్నన్నాళ్ళూ నేను దీని కోసమే వస్తున్నానని నువ్వనుకున్నావు. నేనూ అలాగే నటించాను. పట్టీలు ఎండిపోతాయని, బ్యాటరీ పోతుందని. శనివారం రాత్రి నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ణి, నొయే. గ్రీజు పనికి వచ్చేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? నువ్వెప్పుడూ అడగలేదు.”

ఆమె మెట్టు మీద ఆగిపోయింది. తిరిగి చూడలేదు.

“ఆ పందెం రోజున నేను చేసింది తప్పు. భయమేసిందని చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా బోల్టు తిప్పాను. నాకు ఏదైనా చెప్పాలంటే బోల్టు తిప్పడమే వచ్చు. అందుకే ఇది పోవాలి. ఇది ఉంటే నేను ఇంకో నాలుగేళ్ళు దీని కింద పడుకుని దాక్కుంటాను.” జేబులోంచి స్పానరు తీసి నేల మీద పెట్టేశాడు. “వచ్చే ఆదివారం ఊరికే వస్తా. స్పానర్లు తేను. బాగుచెయ్యడానికి ఏమీ ఉండదు. నీ కోసమే వస్తా. తలుపు తీస్తావో, తియ్యవో నీ ఇష్టం.”

నొయేలియా వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం కాఫీ కాచి, ట్యాంకు ఎండగట్టి, కిటికీ పక్కన నిలబడిందో ఆ మాట వచ్చేసింది. వచ్చి ఆమె ఎదురుగా, మసి చేతులతో, భయంభయంగా నిలబడింది. ఆమె మొహం విచ్చుకుంది. అంతలోనే బుధవారం గుర్తొచ్చింది. బదిలీకి పెట్టిన సంతకం, ఈ ఇంటి అద్దె వదిలేస్తున్నట్టు ఇంటాయనకు చెప్పిన మాట, వరసగా అన్నీ గుర్తొచ్చాయి. వచ్చే ఆదివారానికి ఈ తలుపు తీసేది ఎవరో కొత్తవాళ్ళు.

“ఎలాదియో, నేను నీకొకటి...”

ట్రక్కు పోయిన చప్పుడు విని, మగవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారనుకుంది దోన్యా ప్రిసీలా. బాల్కనీ మీదినుంచి వీధంతా వినబడేలా అరిచింది.

“ఒసేయ్ నొయేలియా! బుధవారం పడవకి నీ సామాన్లు మొయ్యడానికి మా మేనల్లుణ్ణి మాట్లాడానే! మంచం కూడా ఎక్కిస్తావా, అదీ అమ్మి పోతావా?”

ఎలాదియో బానెట్ మీదినుంచి చెయ్యి తీసేశాడు.

“ఏ పడవ, నొయే?”